ఇంట్లో రోగికి పరికరం కావాలంటే ప్రభుత్వ సాయం ఏ దారిన వస్తుంది? విజయవాడ, గుంటూరు కుటుంబాలకు ఒక పోలిక

పక్షవాతం వచ్చిన తల్లికి వీల్‌చైరు, ఎయిర్ బెడ్. సీవోపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో ఆయాసపడే తండ్రికి ఆక్సిజన్ కాన్‌సెంట్రేటరు (గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం), బైపాప్ (మాస్కు ద్వారా ఊపిరికి తోడ్పడే యంత్రం). వినికిడి తగ్గిన మామగారికి చెవి మిషన్. ఇలాంటి జాబితాతో ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన కుటుంబానికి విజయవాడలోనైనా గుంటూరులోనైనా ముందుగా దొరికే సలహా ‘ఆరోగ్యశ్రీలో వస్తుందేమో అడగండి’ అన్నదే. 2007లో మొదలైన ఆ పథకం పేరు 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారినా జనం నోట పాత పేరే నిలిచింది. సలహా ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే గాని, పై జాబితాలోని వస్తువులు ఆ పథకం చూసుకునే కోవలోకి రావు. ప్రభుత్వ సొమ్ము ఒకే సంచిలో లేదు. శస్త్రచికిత్స చేసి శరీరంలో అమర్చేవాటికి ఒక పద్దు, పట్టుకుని నడవడానికో కూర్చుని కదలడానికో పనికొచ్చేవాటికి మరొక పద్దు ఉన్నాయి. మంచం పక్కన కరెంటుతో నడిచే యంత్రాలకు మాత్రం అందరికీ వర్తించే పద్దు లేదు. కాబట్టి ఏ పథకానికి దరఖాస్తు చేయాలన్న ప్రశ్న కంటే, అడుగుతున్న పరికరం ఈ మూడింటిలో ఏ రకమన్న ప్రశ్నను ముందుగా తేల్చుకోవాలి.

ఆసుపత్రి గోడల లోపలి సాయం

ఎన్టీఆర్ వైద్య సేవ చికిత్సల ప్యాకేజీల మీద నడిచే పథకం. ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తించే ఈ పథకంలో చికిత్స పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. గుండెలో వేసే స్టెంటు, పుట్టుకతో వినికిడి లేని పసిపిల్లలకు అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు వంటివి చికిత్సలో భాగం కాబట్టి వాటి ఖర్చు ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. ఇటువంటివాటి విషయంలో మరో పథకంతో పోల్చి చూసుకోవలసిన అవసరమే లేదు. పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రిలో రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర దగ్గరకు నేరుగా వెళ్లడమే సరైన పని. అయితే రోగి గడప దాటి ఇంటికి వచ్చిన తరువాత నెలల తరబడి వాడవలసిన మంచం, పరుపు, ఆక్సిజన్ యంత్రం వంటివి ఈ ప్యాకేజీల స్వభావానికే బయటివి.

70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తించేలా కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకూ ఇదే హద్దు ఉంది. ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకు, డిశ్చార్జి తరువాత 15 రోజుల వరకు అవసరమయ్యే మందులకు, పరీక్షలకు అది ఉపయోగపడుతుంది. ముఖ్యమంత్రి సహాయ నిధి కూడా ప్రధానంగా ఆసుపత్రి బిల్లు చుట్టూ తిరిగే ఏర్పాటే. చికిత్సకు ముందు లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఆసుపత్రికి ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) రూపంలోనో, తరువాత బిల్లులు జతచేసి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పెట్టుకునే దరఖాస్తు రూపంలోనో అది అందుతుంది. శస్త్రచికిత్స ఖర్చు వైద్య సేవ పరిధిలోకి రానప్పుడు దాన్ని ఆశ్రయించవచ్చు గాని, దుకాణంలో కొన్న బైపాప్ రసీదు పట్టుకుని ఆ దారిలో తిరగడం వల్ల కాలహరణమే ఎక్కువ.

వయోశ్రీ, ఏడిప్: వీల్‌చైరు, వాకరు, చెవి మిషన్‌లకు

నడకకు, వినికిడికి సంబంధించిన ఉపకరణాల విషయంలో నిజంగా పోల్చి చూసుకోవలసిన పథకాలు రెండున్నాయి. రెండూ కేంద్రానివే, రెండింటిలోనూ ఉపకరణాలను తయారుచేసి పంచేది ప్రధానంగా కాన్పూరులోని అలిమ్కో అనే ప్రభుత్వ రంగ సంస్థే. దీంతో చాలామంది రెండూ ఒకటే అనుకుని ఏ శిబిరం ముందు వస్తే అందులో పేరు రాయించుకుంటారు.

రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభించారు. ఇది 60 ఏళ్లు నిండి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి లేదా నెలకు 15,000 రూపాయలకు మించని ఆదాయం ఉన్నవారికి ఉద్దేశించినది. చేతికర్ర, వాకరు, మూడు నాలుగు కాళ్ల ఊతకర్రలు, చెవి మిషన్, కళ్లజోడు, కట్టుడు పళ్లు, వీల్‌చైరులతో మొదలై, తరువాతి కాలంలో కమోడ్ అమర్చిన వీల్‌చైరు, సిలికాన్ ఫోమ్ కుషన్, మోకాలి పట్టీ, నడుము బెల్టు వంటివి కూడా ఇందులో చేరాయి. వైకల్య ధ్రువపత్రం అడగకపోవడం దీని ప్రధానమైన సౌలభ్యం. వయసు వల్ల వచ్చిన ఇబ్బందిని శిబిరంలోని వైద్య బృందం పరీక్షించి అవసరాన్ని నిర్ణయిస్తుంది.

వైకల్యం ఉన్నవారికి ఉపకరణాలు ఇచ్చే ఏడిప్ అనే పథకం 1981 నుంచి అమలులో ఉంది. దీనికి వయసుతో సంబంధం లేదు గాని, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం తప్పనిసరి. నెలకు 22,500 రూపాయల వరకు ఆదాయం ఉంటే పూర్తి సాయం, 30,000 వరకు ఉంటే సగం సాయం లభిస్తుంది. రోగి మరొకరి మీద ఆధారపడినవారైతే పోషించేవారి ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఒకసారి ఒక ఉపకరణం తీసుకుంటే అదే అవసరానికి మళ్లీ మూడేళ్ల వరకు తీసుకోవడానికి వీలుండదు. 12 ఏళ్లలోపు పిల్లలకు మాత్రం ఈ గడువు ఒక్క ఏడాదే.

ఎంపికలో తేడా వచ్చేది ఇక్కడే. కాలు కాస్త తడబడుతున్న, సొంతంగా లేచి కూర్చోగల పెద్దావిడకు వాకరో చెవి మిషనో కావాలంటే వయోశ్రీ చాలు. సదరం (వైకల్య ధ్రువపత్రం) కోసం ఆమెను ఎండలో తిప్పవలసిన పని లేదు. కానీ పక్షవాతంతో ఒక పక్క పూర్తిగా పడిపోయి, మెడ నిలపడం కూడా కష్టంగా ఉన్న మనిషికి శిబిరంలో ఇచ్చే మామూలు మడత వీల్‌చైరు ఎక్కువసేపు కూర్చోవడానికి అనువుగా ఉండదు. కొలతలు తీసుకోకుండా ఇచ్చిన కుర్చీలో గంటలకొద్దీ కూర్చోబెడితే పిరుదుల దగ్గర, తోక ఎముక దగ్గర పుండ్లు పడతాయి. అటువంటి రోగికి ముందు ధ్రువపత్రం తీసుకుని, పునరావాస వైద్య విభాగంలో కుర్చీ వెడల్పు, వీపు ఎత్తు, తలకు ఆనింపు, కుషన్ అవసరం రాయించుకుని, ఆ కాగితంతో ఏడిప్‌కు వెళ్లడమే మేలు. మంగళగిరి ఎయిమ్స్‌లో ఫిజికల్ మెడిసిన్ (పునరావాస వైద్య) విభాగం ఉండడం ఈ రెండు నగరాలవారికీ కలిసివచ్చే విషయం. ఉచితంగా వస్తోంది కదా అని తొందరపడి సరిపడని కుర్చీ తీసుకుంటే, మూడేళ్ల నిబంధన వల్ల సరిపడే కుర్చీకి దారి మూసుకుపోతుందని గుర్తుంచుకోవాలి.

రెండు పథకాల్లోనూ మొదట కొలతలు, అర్హత చూసే శిబిరం ఒకటి, ఆ తరువాత ఎప్పుడో పంపిణీ శిబిరం ఒకటి జరుగుతాయి. శిబిరాల తేదీలు జిల్లా విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో తెలుస్తాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రం, గుంటూరు తన జిల్లాకు కేంద్రం కాబట్టి రోగి ఆధార్ చిరునామా ఏ జిల్లాలో ఉంటే ఆ కార్యాలయాన్నే సంప్రదించాలి. తాడేపల్లిలో ఉంటూ విజయవాడ వెళ్లి అడిగితే కృష్ణ దాటి వెనక్కు రావలసి వస్తుంది.

సదరం ధ్రువపత్రం గురించి ఒక మాట. గ్రామ లేదా వార్డు సచివాలయంలోగాని మీసేవలోగాని స్లాటు బుక్ చేసుకుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి శాతాన్ని నిర్ణయిస్తారు. పక్షవాతం వచ్చిన వెంటనే వెళ్తే, రోగి ఇంకా కోలుకునే దశలోనే ఉన్నారు కాబట్టి శాశ్వత ధ్రువపత్రం ఇవ్వరు, లేదా తాత్కాలికంగా ఇస్తారు. స్థితి కుదుటపడిన తరువాత వెళ్లడమే ప్రయోజనకరం. ఈ ఒక్క పత్రం మీద ఏడిప్ ఉపకరణం, వైకల్య పింఛను, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు, పాత పన్ను విధానంలో ఉన్న సంతానానికి 75,000 రూపాయల ఆదాయపు పన్ను మినహాయింపు, 80 శాతం లేదా అంతకు మించిన తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఆధారపడి ఉన్నాయి. ఇది లేకుండా మిగతా ప్రయత్నాలు మొదలుపెట్టడం నా దృష్టిలో వృథా శ్రమ.

మంచం పక్కన కరెంటుతో నడిచే యంత్రాలు

అసలు చిక్కు ఆక్సిజన్ కాన్‌సెంట్రేటరు, బైపాప్, సీప్యాప్ (నిద్రలో శ్వాసనాళం మూసుకుపోకుండా గాలి పంపే యంత్రం), కఫం లాగే సక్షన్ మిషన్‌ల దగ్గర వస్తుంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో సీవోపీడీ లేదు. అందువల్ల నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి, రోజుకు 16 గంటలు ఆక్సిజన్ మీద ఉండే మనిషి కూడా, ఊపిరితిత్తుల జబ్బు ఒక్కటే కారణంగా సదరం పొందలేరు, ఏడిప్ వర్తించదు, వయోశ్రీ జాబితాలో ఈ యంత్రాలు లేవు. ఇంత అవసరం ఉన్న జబ్బు ఇన్ని పథకాల మధ్య సందులోంచి జారిపోవడం అన్యాయమే గాని, దరఖాస్తు పెట్టేవారు ఉన్న నిబంధనలనే చూసుకోవాలి.

ఇక్కడ నిజంగా డబ్బు చెల్లించగలిగేవి ఉద్యోగంతో ముడిపడిన పథకాలు. కాబట్టి కుటుంబంలో ఎవరి ఉద్యోగం ఏ గొడుగు కింద ఉందో ముందుగా వెతకాలి. తండ్రి కేంద్ర ప్రభుత్వ పింఛనుదారైతే సీజీహెచ్ఎస్, మాజీ సైనికుడైతే ఈసీహెచ్ఎస్, రైల్వేలో పదవీ విరమణ చేసినవారైతే ఉమీద్ కార్డుతో రైల్వే ఆసుపత్రి. విజయవాడ వంటి జంక్షన్ ఊళ్లో చివరిది చాలా ఇళ్లకు వర్తిస్తుంది. ఈ మూడింటిలోనూ శ్వాస యంత్రాలకు స్పెషలిస్టు సిఫారసు, పరీక్షల ఆధారం ఉంటే నిర్ణీత పరిమితి వరకు మంజూరు చేసే ఏర్పాటు ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల ఈహెచ్ఎస్ మాత్రం వైద్య సేవ ట్రస్టు ద్వారానే నడుస్తుంది కాబట్టి దాని స్వభావం కూడా ఆసుపత్రి ప్యాకేజీలదే. ఆ కార్డు ఉందన్న ధైర్యంతో యంత్రం ముందే కొనేయకూడదు.

ప్రైవేటు రంగంలో పనిచేసేవారికి ఈఎస్ఐ ఉంది. ఆటోనగర్‌లోని వర్క్‌షాపులోనో గుంటూరు దగ్గరి స్పిన్నింగ్ మిల్లులోనో నెలకు 21,000 రూపాయలకు మించని జీతంతో పనిచేసే కొడుకు ఉంటే, నెలకు 9,000 రూపాయలకు మించని ఆదాయం ఉన్న తల్లిదండ్రులను ఆధారితులుగా చేర్చుకోవచ్చు. చేర్చుకోవచ్చన్న సంగతి తెలియక వివాహమప్పుడు భార్య పేరు, తరువాత పిల్లల పేర్లు మాత్రమే రాయించి ఊరుకునేవారు ఎందరో. గుణదలలోని ఈఎస్ఐ ఆసుపత్రిలో స్పెషలిస్టుకు చూపించి, పరికరం ఎందుకు అవసరమో రాయించుకుని, కొనకముందే రాతపూర్వక అనుమతి కోరాలి. బయట కొని బిల్లు తెచ్చి తరువాత అడగడం ఏ ఉద్యోగ పథకంలోనైనా తిరస్కరణకు దగ్గరి దారి.

అనుమతికి పనికివచ్చే సిఫారసు ఎలా ఉండాలన్నది కూడా ముఖ్యమే. ‘ఇంటి దగ్గర ఆక్సిజన్ అవసరం’ అన్న ఒక్క వాక్యం చాలదు. దీర్ఘకాలిక ఆక్సిజన్‌కు వైద్యులు సాధారణంగా పాటించే ప్రమాణం, విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం 88 లేదా అంతకు తక్కువగా ఉండడం, లేదా ధమని రక్త పరీక్షలో ఆక్సిజన్ పీడనం 55 లేదా అంతకు తక్కువగా ఉండడం. ఆ పరీక్ష ఫలితం, నిమిషానికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు అన్న వివరం ఉండాలి. బైపాప్ అయితే ఊపిరి పీల్చేటప్పుడు, వదిలేటప్పుడు పెట్టవలసిన రెండు పీడనాల అంకెలు, నిద్రలో శ్వాస సమస్య అయితే స్లీప్ స్టడీ నివేదిక జతచేయాలి. చీటీలో కంపెనీ పేరు కాకుండా పరికరం రకం రాయించుకోవడం మంచిది.

ఇక్కడ జాగ్రత్తపడవలసిన ఎంపిక ఒకటుంది. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ ఉన్న 70 ఏళ్లు దాటినవారు ఆ పథకాన్నో వయ వందననో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఈఎస్ఐ లేదా ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవారికి ఈ నిర్బంధం లేదు, రెండూ ఉంచుకోవచ్చు. 5 లక్షల కార్డు అన్న మాట విని సీజీహెచ్ఎస్‌ను వదులుకుంటే, ఆసుపత్రి చికిత్స దొరుకుతుంది గాని ఇంటి యంత్రానికి, నెలనెలా మందులకు ఉన్న ఆధారం పోతుంది. దీర్ఘకాలిక రోగి ఉన్న ఇంట్లో ఆ మార్పిడి చేయకూడదనే నా అభిప్రాయం.

పింఛను: పరికరానికి కాకపోయినా పనికొచ్చే డబ్బు

ఏ ఉద్యోగ పథకమూ లేని కుటుంబాలకు మిగిలేది ఎన్టీఆర్ భరోసా పింఛను. ఇది పరికరానికి ఇచ్చే డబ్బు కాదు. అయితే నెలనెలా చేతికి వచ్చే నగదు కాబట్టి యంత్రం అద్దెకు మళ్లించుకోవచ్చు. 2024లో పెంచిన రేట్ల ప్రకారం వృద్ధాప్య పింఛను 4,000, వైకల్య పింఛను 6,000, డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు 10,000, పక్షవాతం వల్లనో ప్రమాదం వల్లనో మంచానికి లేదా వీల్‌చైరుకు పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000 రూపాయలు. ఎక్కువమంది 6,000 రాగానే ఆగిపోతారు. పూర్తిగా మంచాన ఉన్న మనిషి విషయంలో 15,000 కోవకు వైద్య బోర్డు పరీక్ష కోరడమే సరైనది. ఆ తేడా ఏడాదికి లక్షా ఎనిమిది వేలు అవుతుంది, అంటే ఆసుపత్రి మంచం, ఎయిర్ బెడ్ రెండూ కొన్నా ఇంకా మిగిలే మొత్తం. సీవోపీడీ రోగికి మాత్రం 60 ఏళ్లు దాటితే వచ్చే 4,000 తప్ప ప్రత్యేకమైన కోవ లేదు.

పింఛను అర్హతలో చాలామంది ముందుగా ఊహించని అడ్డంకి కరెంటు బిల్లు. కుటుంబ ఆదాయం, భూమి, నాలుగు చక్రాల సొంత వాహనం వంటివాటితో పాటు నెలకు సగటున 300 యూనిట్ల లోపు విద్యుత్ వాడకం కూడా పరిశీలనలో ఉంటుంది. 5 లీటర్ల కాన్‌సెంట్రేటరు సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. రోజంతా నడిస్తే నెలకు 250 యూనిట్లు దానికే అవుతాయి. దానికి ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ కలిస్తే, జబ్బు వల్ల పెరిగిన బిల్లు కుటుంబాన్ని స్థితిమంతుల కింద చూపిస్తుంది. అందుకే యంత్రం వాడకం మొదలైన తేదీతో డాక్టరు గారి ధ్రువీకరణ, కొనుగోలు లేదా అద్దె రసీదు భద్రపరచుకోవాలి. పేరు తీసేస్తే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ కాగితాలతోనే అర్జీ పెట్టుకోవలసి ఉంటుంది. బైపాప్ వాడకం దీనితో పోలిస్తే చాలా స్వల్పం కాబట్టి దానితో ఈ చిక్కు రాదు.

పిల్లల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. సెరెబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కదలికలు దెబ్బతినే స్థితి) ఉన్న బిడ్డ బడి ఈడులో ఉంటే సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ద్వారా ఉపకరణాలకు పేరు నమోదు చేయించడం, విడిగా శిబిరాల వెంట తిరగడం కంటే సులువు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు చికిత్సలకు, థెరపీకి పనికివస్తుంది.

మంజూరు వచ్చేలోపు

ఏ దారి ఎంచుకున్నా పరికరం చేతికి రావడానికి సమయం పడుతుంది, ఒంటి పుండు మాత్రం శిబిరం తేదీ వరకు ఆగదు. మంచాన పడిన రోగికి ఎయిర్ బెడ్‌ను మొదటి వారంలోనే అద్దెకో సొంతానికో తెచ్చుకోవాలి. దానితో పాటు రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం కొనసాగాలి, ఎందుకంటే పరుపు ఒక్కటే పుండును ఆపలేదు. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల చుట్టూ వైద్య పరికరాల దుకాణాలు ఉన్నాయి. అక్కడ అద్దెకు ఇచ్చేవారిని విచారించవచ్చు. కోలుకునే అవకాశం ఉన్న పక్షవాతం రోగికి మంచం అద్దెకు తీసుకోవడం, ఇక జీవితాంతం ఆక్సిజన్ తప్పదని తేలిన రోగికి యంత్రం కొనడం లెక్కకు సరిపోతాయి. పాత కాన్‌సెంట్రేటరు తీసుకుంటే అది ఇప్పటికి ఎన్ని గంటలు తిరిగిందో మీటరులో చూసి, వచ్చే ఆక్సిజన్ స్వచ్ఛత 90 శాతానికి తగ్గలేదని ఎదుటే పరీక్షించి చూపమనాలి. వేసవిలో కరెంటు పోయే ప్రాంతాల్లో ఒక సిలిండరు కూడా ఉంచుకోవాలి. 7 ఘనపు మీటర్ల పెద్ద సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున సుమారు 58 గంటలు వస్తుంది, 1.5 ఘనపు మీటర్ల చిన్నది పన్నెండు గంటలకు కాస్త పైన వస్తుంది.

అద్దె రసీదులు రోగి పేరు మీదే తీసుకోవాలి. ఉద్యోగ పథకానికి పంపిన దరఖాస్తు నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకుని ఉంచుకోవాలి. ఎంతకీ జవాబు రాకపోతే ఫైలు ఏ దశలో ఉందో తెలపమని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసిన బాధ్యత ఆ కార్యాలయానిది.